అయిదేండ్లు మూతపడిన బడులు

పాఠశాలల పాలనను గూర్చి ప్రజలకును పాలకమండలులకును నడుమ తగవులు పుట్టుట ఏ దేశమందైనను క్రొత్త కాదు. ఏ బడికి పైకప్పు వేయవలెను, ఏ భాషలో బోధింపవలెను, ఎవరి పిల్లలను ఎవరి సరసన కూర్చుండబెట్టవలెను అను ప్రశ్నలమీద ఊళ్ళకు ఊళ్ళు చీలిపోయిన సందర్భములు మన దేశచరిత్రలోను కలవు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి తగవులకు సహజమైన రంగస్థలము స్కూలుబోర్డు సమావేశము. బోర్డు సభ్యులు నియమితకాలమున బల్లచుట్టు చేరుదురు, ఊరివారు వచ్చి తమ కోర్కెలు విన్నవించుకొందురు, కార్యదర్శి వ్రాసికొనును. అట్టి సమావేశములలో ఒక క్రొత్త భవనము కొరకు కొందరు తల్లిదండ్రులు చేసికొన్న విన్నపము ఏయే మలుపులు తిరిగి ఆ దేశపు రాజ్యాంగ చరిత్రలోనికి ఎక్కెనో, అందులకు మూల్యము ఎవరు చెల్లించిరో ఈ వ్యాసమున వివరింపదలచితిని.

వర్జీనియా రాష్ట్రపు దక్షిణభాగమున ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ కలదు. కౌంటీ యనగా మన జిల్లాకంటె చిన్నది. పాత తాలూకాతో పోల్చదగినది. పొగాకు పండు నేల. ముఖ్యపట్టణము ఫార్మ్‌విల్. 1865 ఏప్రిలులో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ అలసిన తన సైన్యముతో ఈ ఊరి మీదుగానే పోయి, కొంత దూరమున నున్న అపొమాటక్సులో ఆయుధములు విడిచెను. 1950 నాటికి కౌంటీ జనసంఖ్య సుమారు 15,000. అందు సగమునకు కొంచెము తక్కువగా నల్లజాతివారు. తెల్లవారి పిల్లలకు వేరు బడులు, నల్లవారి పిల్లలకు వేరు బడులు ఉండవలెనని రాష్ట్రశాసనము. వేరుగా నున్నను సమానముగా నున్నచో తప్పు లేదని 1896లో ఒక రైలుబండి వ్యాజ్యమున ఆ దేశపు సుప్రీంకోర్టు చెప్పియుండెను. వేరు అనుమాట అక్షరాల అమలైనది. సమానము అనుమాట సంగతి ఫార్మ్‌విల్‌లోని రెండు హైస్కూళ్ళను చూచినవారికి తెలియును.

నల్లజాతి బాలబాలికల కొరకు నిర్మింపబడిన రాబర్ట్ రస్సా మోటన్ హైస్కూలు 1939 నాటిది. సుమారు 180 మంది విద్యార్థులు చాలునట్లు కట్టబడినది. పది పన్నెండేండ్లలో ఆ సంఖ్య 450 చేరెను. వ్యాయామశాల లేదు, భోజనశాల లేదు. చోటు చాలక ఒకే హాలులో రెండు మూడు తరగతులు ఏకకాలమున జరుగుచుండెను. ఒక్కొక్కప్పుడు పాత బస్సులో కూర్చుండి పాఠములు వినవలసి వచ్చెడిది. విన్నపములు పెరిగినమీదట బోర్డువారు చేసిన ఏర్పాటు ఏమనగా, బడి ఆవరణలో కొయ్యచట్రములకు తారుకాగితము చుట్టి కొన్ని పాకలు వేయించుట. వానకు అవి కురియుచుండెను. శీతకాలమున పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లవాడు ఉడికిపోవును, దూరముగ కూర్చున్నవాడు కోటు విప్పజాలడు. ఉదయమున బస్సు నడిపి పిల్లలను తెచ్చిన ఉపాధ్యాయుడే కట్టెలు ఏరి పొయ్యి రాజవేయవలసి యుండెను. ఊరివారు ఆ పాకలను కోళ్ళగూళ్ళనిరి.

ఇచట పాలనావిధానమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. తరువాతి కథ అంతయు దానిమీదనే నడచినది. మన మద్రాసు రాజధానిలో జిల్లాబోర్డులు పన్నులు వసూలు చేయుచు బడులను కూడ నడిపినవి. వర్జీనియాలో అట్లు కాదు. స్కూలుబోర్డు బడులను నడుపును గాని దానికి పన్ను విధించు అధికారము లేదు. ఆ అధికారము కౌంటీ సూపర్వైజర్ల బోర్డుది. ఒకరి చేతిలో తాళపుచెవి, వేరొకరి చేతిలో ధనపుసంచి. పైగా స్కూలుబోర్డు సభ్యులు ప్రజలెన్నుకొన్నవారు కారు, నియమితులు. అందు నల్లజాతి సభ్యుడొక్కడును లేడు. వోటువేయుటకు తలపన్ను కట్టవలెనను 1902 నాటి రాష్ట్ర రాజ్యాంగము మూలమున నల్లవారిలో వోటర్లు బహుస్వల్పము. కనుక వారికి మిగిలిన దారి ఒక్కటే: సమావేశమునకు పోయి నిలుచుండి అడుగుట.

వారు అడిగిరి. తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘమునకు ఫ్రాన్సిస్ గ్రిఫిన్ అను యువ పాస్టరు నాయకుడు. ప్రధానోపాధ్యాయుడు బాయిడ్ జోన్స్ ఆయనకు తోడు. 1950 నుండి 1951 వసంతము వరకు వీరు నెలనెలా బోర్డు సమావేశములకు పోవుచునేయుండిరి. స్థలము దొరకలేదని బోర్డువారనిరి. స్థలము చూపించిరి. ధనము సమకూడవలెననిరి. ఆలోచించుచున్నామనిరి. ఈ సమాధానముల వరుస మనవంటి ఆఫీసు ఉద్యోగులకు అపరిచితము కాదు. కాగితము కదలుచున్నట్లే యుండును, బల్ల మాత్రము మారదు. తుదకు, ఇకమీదట మీరు సమావేశములకు రానక్కరలేదు, సంగతి తేలినప్పుడు మేమే తెలియజేయుదుమని చెప్పి పంపిరి. బోర్డు అధ్యక్షుడు మారిస్ లార్జ్ గాని, సూపరింటెండెంటు మెక్‌ఇల్వేన్ గాని దుర్మార్గులని చరిత్రకారులు వ్రాయలేదు. తమ దృష్టిలో వారు మర్యాదస్థులే. కాని ఆ మర్యాదలో అవతలివాని పిల్లలకు చోటులేదు.

పెద్దలకు తలుపు మూసినపుడు ఒక పదునారేండ్ల బాలిక ముందుకు వచ్చెను. ఆమె పేరు బార్బరా జాన్స్. నమ్మదగిన కొద్దిమంది తోడివిద్యార్థులతో నెలల తరబడి రహస్యముగా ఆలోచన సాగించి, 1951 ఏప్రిలు 23వ తేదీని నిర్ణయించెను. ఆనాడు ప్రధానోపాధ్యాయునికి ఫోను వచ్చెను: మీ విద్యార్థులిద్దరు బస్సుస్టేషను వద్ద చిక్కులో పడియున్నారని. ఆయన బయలుదేరిపోయెను. వెంటనే ఆయన సంతకపు పొడి అక్షరముతో ప్రతి తరగతికి చీటీ వెళ్ళెను: అందరును హాలులో సమావేశము కావలెనని. తెర తొలగునప్పటికి వేదికమీద ప్రధానోపాధ్యాయుడు లేడు. బార్బరాయు ఆమె మిత్రులును ఉండిరి. ఉపాధ్యాయులను వెలుపలికి పొండని వేడుకొని, ఆమె బడి దుస్థితిని వివరించి సమ్మెకు పిలుపునిచ్చెను. ఆ 450 మంది బయటకు నడచిరి. ఫోను అబద్ధము, చీటీ అబద్ధము. క్రమశిక్షణ దృష్టితో చూచినచో రెండును తప్పులే. కాని తండ్రులు నెలల తరబడి పలికిన నిజము ఆ బల్లవద్ద చెల్లలేదనుటయు మరువరాదు.

సమ్మె రెండు వారములు సాగెను. విద్యార్థులు రిచ్మండు నగరమునందలి నల్లజాతి న్యాయవాదులైన ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్‌సన్‌లకు వ్రాసిరి. వారు ఫార్మ్‌విల్‌కు వచ్చినది పిల్లలను బుజ్జగించి తరగతులకు పంపుదమనియే. కాని ఆ పిల్లల నిబ్బరమును చూచి మనసు మార్చుకొనిరి. ఒక షరతు మాత్రము పెట్టిరి: ఇకమీదట మంచి భవనము కొరకు వ్యాజ్యము వేయము, వేరు బడుల విధానమే చెల్లదని వేయుదుము; మీ తల్లిదండ్రులు సమ్మతింతురా? ఇది పిల్లలు కోరినదానికంటె చాల పెద్దది. మే నెల ఆరంభమున గ్రిఫిన్ చర్చిలో పెద్దసభ జరిగి, తర్జనభర్జనల మీదట పెద్దలు సమ్మతించిరి. 1951 మే 23న 117 మంది విద్యార్థుల పక్షమున దావా పడెను. మొదటి పేరు డొరతీ డేవిస్ అను తొమ్మిదవ తరగతి బాలికది. ప్రధానోపాధ్యాయుడు జోన్స్ ఉద్యోగము పోయెను. బార్బరాకు ప్రమాదము కలుగునని భయపడి తల్లిదండ్రులు ఆమెను దూరమున అలబామా రాష్ట్రములోని తండ్రి సోదరుడు వెర్నన్ జాన్స్ ఇంటికి పంపివేసిరి.

అడుగక అడుగక అడిగినపుడు రాని భవనము వ్యాజ్యము పడగానే వచ్చెను! ఎనిమిది లక్షల డాలర్లకు పైబడిన వ్యయముతో క్రొత్త మోటన్ హైస్కూలు 1953లో తెరువబడినది. ఆ ధనము మూడేండ్ల ముందు దొరకియుండినచో ఈ చరిత్ర మరియొక ఊరిపేర నడచియుండెడిది కాబోలు. కాని అప్పటికే కాలము మించిపోయెను. 1952లో ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ కోర్టు, సౌకర్యములలో అసమానత కలదని ఒప్పుకొని దానిని సవరింపుడని చెప్పెనే గాని, వేరు బడుల వలన ఎవరికిని హాని లేదని తీర్మానించెను. అప్పీలు సుప్రీంకోర్టు చేరి, కాన్సాస్, దక్షిణ కెరొలైనా మొదలగు తావుల వ్యాజ్యములతో కలిసి విచారింపబడెను. 1954 మే 17న వెలువడిన బ్రౌన్ తీర్పు లోకవిదితము. అందు చేరిన అయిదు వ్యాజ్యములలో విద్యార్థులే స్వయముగా లేవదీసినది ప్రిన్స్ ఎడ్వర్డ్ వ్యాజ్యమొక్కటే.

తీర్పుతో కథ ముగిసినదని మన పాఠ్యపుస్తకములు చదివినవారు తలచుట సహజము. ఫార్మ్‌విల్‌లో అసలు కథ అప్పుడే మొదలైనది. 1955 మే 31న సుప్రీంకోర్టు అమలును గూర్చిన రెండవ తీర్పు చెప్పి, తొందరపాటు లేని తొందరతో పని జరుగవలెనని అర్థము వచ్చు మాట వాడెను; ఫలాని తేదీ అనలేదు. ఆ రాత్రియే కౌంటీ సూపర్వైజర్లు సమావేశమై బడులకు చట్టరీత్యా తప్పని కనీసమొత్తము 1,50,000 డాలర్లు మాత్రమే కేటాయించిరి. వారము తిరుగకమునుపే కళాశాల హాలులో వేయిమందికి పైగా తెల్లవారు కూడి, తమ బడుల ఉపాధ్యాయులకు జీతములు ప్రైవేటుగా చెల్లించుటకు ఒక సంస్థ నేర్పరచుకొనిరి. 1956లో నాలుగువేలకు పైగా సంతకములతో ఒక మహజరు సూపర్వైజర్లకు అందెను. తెల్లపిల్లలను నల్లపిల్లలను ఒక్కచోట కూర్చుండబెట్టుటకంటె బడులు లేకుండుటయే మేలని దాని సారాంశము. అప్పటినుండి బడులకు ధనము ఏడాదికి కాక నెలకు నెల విడుదల చేయసాగిరి. ఎప్పుడు కావలసిన అప్పుడు ఆపుటకు వీలుగా.

రాష్ట్రమంతట ఇట్టి గాలియే వీచుచుండెను. సెనేటరు హ్యారీ బర్డ్ పిలుపుమీద వర్జీనియా శాసనసభ, ఏ బడిలో జాతులు కలియునో ఆ బడి మూయవలెనని శాసనములు చేసెను. 1958లో నార్ఫోక్ మొదలగు పట్టణములలో బడులు మూతపడెను కూడ. కాని 1959 జనవరి 19న రాష్ట్ర ఉన్నతన్యాయస్థానము, ఫెడరల్ కోర్టు రెండును ఒకే దినమున ఆ శాసనములను కొట్టివేయుటతో అక్కడి బడులు తెరచుకొనెను. ఆ మే నెలలో ప్రిన్స్ ఎడ్వర్డ్‌కు కూడ ఉత్తరువు వచ్చెను: సెప్టెంబరులో నల్లపిల్లలను చేర్చుకొనుడని. సూపర్వైజర్లు ఎవరి నోటను కాదనలేదు, కోర్టును ధిక్కరింపలేదు. 1959 జూనులో బడులకు పన్ను వేయక ఊరకుండిరి. అంతే. పన్ను లేదు కనుక బడ్జెటు లేదు. బడ్జెటు లేదు కనుక జీతము లేదు, బస్సు లేదు, బడి లేదు. పిల్లలు తప్పక బడికి రావలెనను శాసనమును రాష్ట్రము ఆ సంవత్సరముననే ఎత్తివేసియుండుటచే అదియు అడ్డురాలేదు. మన ఆంధ్రదేశమున జిల్లాపరిషత్తులు వెలసి గ్రామగ్రామమునకు బడి కావలెనని ప్రసంగములు సాగిన సంవత్సరము కూడ 1959యే.

తెల్లవారి పిల్లలు సుమారు 1,500 మంది చర్చిలలోను, క్లబ్బులలోను, ఖాళీ దుకాణములలోను క్రొత్తగా వెలసిన ప్రైవేటు అకాడమీలో చేరిరి. మొదటి యేడు చందాలమీద నడచెను. పిమ్మట ఒక్కొక్క పిల్లవానికి రాష్ట్రమునుండి 125 గాని 150 గాని డాలర్లు, కౌంటీనుండి 100 డాలర్లు ఫీజుసహాయముగా అందెను. అకాడమీకి చందా ఇచ్చినవారికి ఆస్తిపన్నులో నాలుగవవంతు వరకు తగ్గింపు. ప్రజలబడికి లేని ప్రజాధనము ప్రైవేటుబడికి ఏ ద్వారమున ప్రవేశించెనో లెక్కలు తెలిసినవారు ఇట్టే గ్రహింతురు. కోర్టు కూడ 1961లో దీనిని గ్రహించి ఆపివేసెను. 1960లో ఇంకొక విచిత్రము జరిగినది. తెల్లవారి హైస్కూలు భవనమును అకాడమీకి అమ్మవలెనని ఒత్తిడి రాగా, స్కూలుబోర్డు సభ్యులలో చాలమంది సమ్మతింపక రాజీనామా ఇచ్చిరి. ఆ బల్లవద్ద మొదటిసారి కానవచ్చిన ధైర్యమిది. నడుపుటకు బడి యొక్కటియు లేనినాడు కానవచ్చెను.

నల్లజాతి పిల్లలు సుమారు 1,700 మందికి ఏ బడియు లేదు. స్తోమతు గలవారు పొరుగు కౌంటీలలోని, దూరరాష్ట్రములలోని బంధువుల యిండ్లకు పిల్లలను పంపిరి. కొందరు తెల్లవారకముందే కౌంటీ పొలిమేర దాటి, అక్కడివారమని చెప్పి చేరిరి. క్వేకర్ల సేవాసంఘము కొన్ని డజన్ల మందిని ఇతర రాష్ట్రములలోని కుటుంబములలో ఉంచి చదివించెను. ఉత్తర కెరొలైనాలోని కిట్రెల్ కళాశాల కొందరు పై తరగతి విద్యార్థులను చేర్చుకొనెను. చర్చిల నేలమాళిగలలో స్త్రీలు అక్షరములు నేర్పిరి గాని అవి బడులు కావు, బడులని చెప్పుకొనలేదు కూడ. మిగిలినవారు ఇంటివద్దనుండిరి, పెద్దపిల్లలు పొగాకు చేలలోనికి దిగిరి. ఫీజు కట్టలేని పేద తెల్లవారి బిడ్డలు కూడ కొందరు చదువు మానుకొనిరి. వారి పక్షమున మాటాడినవారే అరుదు. బదిలీ ఉత్తరువు వచ్చినపుడు మధ్యకాలమున పిల్లవానికి సీటు దొరకక ఒక్క టరము పోయినచో మన యిండ్లలో ఎంత అలజడియో మనకు తెలియును. అక్కడ పోయినవి అయిదేండ్లు.

ఈ చరిత్రలో అత్యంత కఠినమైన ఘట్టము 1959 చివర వచ్చినది. తెల్లజాతి ప్రముఖులే కొందరు, మీ పిల్లలకు కూడ ఒక ప్రైవేటుబడి పెట్టుదుము, దరఖాస్తు చేసికొనుడని నల్లవారికి వర్తమానమంపిరి. సమ్మతించినచో పిల్లలకు చదువు దొరకును. కాని వేరు బడులనే తాము ఒప్పుకొన్నట్లగును, కోర్టులో వ్యాజ్యము వీగిపోవును. గ్రిఫిన్ మొదలగువారు వలదనిరి. దాదాపు ఎవ్వరును దరఖాస్తు చేయలేదు. ఆ నిర్ణయము సరియైనదని తరువాతి తీర్పు నిరూపించినదని చెప్పువారు పెక్కురు. అది నిజమే. అయినను, ఏడేండ్ల ప్రాయమున బడిగడప త్రొక్కవలసిన బిడ్డ పన్నెండేండ్లవరకు త్రొక్కలేదు; ఆ బిడ్డను ఎవరును సమ్మతి అడుగలేదు. గ్రిఫిన్ సొంత పిల్లలు కూడ ఆ బిడ్డలలోనివారే. తుది వ్యాజ్యము వారి పేరనే నడచెను. ఆయనను తప్పు పట్టుటకు నాకు నోరు రాదు. ఆ త్యాగమును కీర్తించుటకు మాత్రము కలము తడబడును. తప్పు ఏదైనను అట్టి ఎన్నిక చేయవలసిన దుస్థితి తెచ్చిపెట్టినవారిది.

1963లో కెన్నడీ ప్రభుత్వము పూనికతో ప్రైవేటు దాతలు సుమారు పదిలక్షల డాలర్లు సమకూర్చి, మూసిన ప్రభుత్వభవనములలోనే ఒక్క సంవత్సరము కొరకు ఉచితపాఠశాలలు తెరచిరి. మాజీ గవర్నరు కోల్గేట్ డార్డెన్ ధర్మకర్తల అధ్యక్షుడు; నీల్ సలివన్ సూపరింటెండెంటు. సుమారు 1,500 మంది చేరిరి. తెల్లవారి పిల్లలు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది. వయస్సునుబట్టి తరగతులు పెట్టుట సాధ్యము కాక తరగతులే లేని పద్ధతిని అనుసరించిరి, ఏలయన పదేండ్లు దాటిన పిల్లలలో ఎన్నడును పుస్తకము విప్పనివారుండిరి. మన దేశమున కేంద్రప్రభుత్వోద్యోగుల పిల్లల చదువు బదిలీలచే చెడరాదని, రెండవ వేతనసంఘపు సిఫారసుపై 20 రెజిమెంటల్ పాఠశాలలతో కేంద్రీయ విద్యాలయముల పథకము ఆరంభమైనది కూడ ఆ 1963–64 విద్యాసంవత్సరముననే.

1964 మే 25న సుప్రీంకోర్టు తుదితీర్పు చెప్పెను. వ్రాసినవాడు హ్యూగో బ్లాక్. స్వయముగా దక్షిణాది అలబామావాడు. రాష్ట్రమంతట ప్రజలబడులు నడుచుచుండగా ఒక్క కౌంటీలో జాతికారణమున మూసియుంచుట సమరక్షణకు విరుద్ధమని, తొందర లేని తొందరకు కాలము చెల్లినదని, అవసరమైనచో పన్ను విధింపుడని సూపర్వైజర్లనే క్రింది కోర్టు ఆజ్ఞాపింపవచ్చునని అందు చెప్పబడినది. మూసిన బడులను తిరిగి తెరువుడని ఆజ్ఞాపించు అధికారము ఫెడరల్ కోర్టులకు కలదను అంశమున మాత్రము ఇద్దరు న్యాయమూర్తులు ఏకీభవింపలేదు. ఒక స్థానికసంస్థను పన్ను వేయుమని కోర్టు శాసించుట ఎంతటి అసాధారణమో పరిపాలనాశాఖలలో పనిచేయు పాఠకులకు విశదము.

సూపర్వైజర్లు అప్పటికిని దిగిరాలేదు. 1964 ఆగస్టు 4వ తేదీ రాత్రి సమావేశమై, కోర్టు అడ్డు చెప్పకమునుపే ఫీజుసహాయము పంచివేయవలెనని నిర్ణయించి, తెల్లవారులోగా సుమారు 1,80,000 డాలర్లకు చెక్కులు పంచిపెట్టిరి. అర్ధరాత్రి ఖజానా తెరచి పంపకము చేసిన ఇట్టి ఘనకార్యము ఏ ఆడిటరు కంటను అరుదుగా పడియుండును. అప్పీలుకోర్టు 1966లో దానిని కోర్టుధిక్కారముగా నిర్ణయించి, ఆ సొమ్ము ఖజానాకు తిరిగి చేర్చు బాధ్యతను సూపర్వైజర్లమీదనే వ్యక్తిగతముగా మోపెను. ఈలోగా 1964 సెప్టెంబరులో ప్రజలబడులు తెరువబడెను. తెల్లవారి పిల్లలు పదిమందికి మించి రాలేదు. వారు ప్రజలబడులకు తగినంతమంది మరలివచ్చుటకు ఇంకను ఏండ్లు పట్టెను. అకాడమీ 1986లో గాని నల్లవారికి ప్రవేశము కల్పింపలేదు. పిమ్మట పేరును మార్చుకొనెను.

బార్బరా జాన్స్ ఫిలడెల్ఫియాలో గ్రంథాలయాధికారిణిగా పనిచేసి 1991లో మరణించెను. పాత మోటన్ బడి 2001లో ప్రదర్శనశాలగా తెరువబడినది. వాషింగ్టనులోని కాంగ్రెసు భవనమున వర్జీనియా పక్షమున నిలిచియుండిన రాబర్ట్ లీ విగ్రహమును 2020 డిసెంబరులో తొలగించి, ఆ స్థానమునకు ఈ పాఠశాలబాలికను రాష్ట్రము ఎన్నుకొనెను.

మూసిన బడుల పిల్లలకు 2003లో కౌంటీవారు గౌరవపట్టములిచ్చిరి. మరుసటి సంవత్సరము శాసనసభ వారి కొరకు ఒక విద్యార్థివేతన నిధిని ఏర్పరచెను. రాష్ట్రము పదిలక్షల డాలర్లు, ఒక దాత పదిలక్షల డాలర్లు ఇచ్చిరి. దరఖాస్తు పెట్టినవారిలో తాతలు, అమ్మమ్మలు ఉండిరి. కొందరు కళాశాలకు పోవుటకు ముందు, హైస్కూలుకు సమానమైన పరీక్షకే కూర్చుండవలసియుండెను.